తెర కింద నీళ్ళ జగ్గు

నవంబర్ 21, శుక్రవారం

లావణ్య ఇవాళ కూడా స్టేటస్ పెట్టింది. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర కొత్తగా తెరిచిన ఫ్యామిలీ రెస్టారెంటు. ఎర్ర సోఫాలు, గోడ నిండా ప్లాస్టిక్ ఆకులు. బల్ల మీద రెండు ఎర్రకారం దోశలు. ఒక దోశ వెనక లావణ్య, ఇంకో దోశ వెనక ఆమె కోడలు భావన. తలలు ఆనించుకుని నవ్వుతున్నారు. కింద "నా బంగారంతో శుక్రవారం" అని రాసింది.

బంగారమట. ఇన్నేళ్ళ స్నేహంలో నన్ను ఒక్కసారి కూడా బంగారం అనలేదు. "ఏమే వరా" అనేది. వరలక్ష్మి అని పూర్తిగా పిలవడానికి కూడా ఆమెకు ఓపిక ఉండేది కాదు.

నాకేం బాధ లేదు. అత్తాకోడళ్ళు కలిసి తింటే మంచిదే. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 22, శనివారం

పొద్దున్నుంచీ మా పాత కమలా విలాస్ హోటలే కళ్ళ ముందు ఆడుతోంది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల షోరూము. గాంధీ చౌక్‌లో మా స్టీలు సామాన్ల అంగడికి పోవాలంటే దాని ముందు నుంచే దారి. నేను రోడ్డుకు అవతలి పక్కగా నడుస్తాను.

లోపలికి పోగానే మగవాళ్ళ బల్లలు ఉండేవి. వాటి మధ్యలోంచి తల వంచుకుని వెనక్కి పోతే ఫ్యామిలీ రూము. పేరుకే రూము. చెక్క అడ్డం పెట్టి, ముందర ఆకుపచ్చ తెర వేలాడగట్టారు. పాలరాతి బల్ల, నాలుగు కుర్చీలు, మూలన చేతులు కడుక్కునే తొట్టి, దాని పైన పూత పోయిన అద్దం. ఆ అద్దంలో మొహం సగమే కనిపించేది. మిగతా సగం లావణ్య చూసి చెప్పేది, మూతికి కారం అంటిందనో, బొట్టు జారిందనో.

శుక్రవారం మా ఇంట్లో ఒక్కపొద్దు. మా అత్త రామసుబ్బమ్మ పెట్టిన పద్ధతి. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినకూడదు. ఆ తర్వాత తినే ఒక్క పూట కూడా ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. పొద్దున అమ్మవారిశాలకు పోయి కుంకుమార్చన చేయించుకుని రావాలి. నేను పోయేదాన్ని, కుంకుమ పెట్టుకునేదాన్ని. అక్కడి నుంచి నేరుగా కమలా విలాస్‌కు పోయి ఉల్లిగడ్డ, వెల్లుల్లి దట్టించిన ఎర్రకారం దోశ తినేదాన్ని. అమ్మవారు ఎప్పుడూ ఏమీ అనలేదు.

లావణ్య వాళ్ళది ఉయ్యాలవాడ దగ్గర సేద్యం కుటుంబం. పిల్లల చదువుల కోసం నంద్యాలలో మా వెనక వీధిలో ఇల్లు తీసుకున్నారు. వాళ్ళింట్లో ఒక్కపొద్దు లేదు కానీ, ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని తింటే పరువు పోయినట్టే. నా గుడి ఆమెకు సాకు, ఆమె తోడు నాకు ధైర్యం.

సర్వర్ గురుస్వామి మేం ఏం తింటామో తెలిసి కూడా ప్రతిసారీ అడిగేవాడు.

"ఏం గావాలక్కా?"

"ఏముందన్నా?"

"ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, ఉగ్గాని బజ్జీ, సాదా దోశ, ఎర్రకారం దోశ" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. మేం మొహమొహాలు చూసుకుని, బాగా ఆలోచించినట్టు నటించి, "రెండు ఎర్రకారం" అనేవాళ్ళం. ఆ నటన లేకపోతే నాకు దోశ తిన్నట్టే ఉండేది కాదు.

ఆ దోశ పలచని కాగితం దోశ కాదు. మధ్యలో మందంగా, మెత్తగా ఉండి అంచు కరకరలాడేది. పైన ఎర్రకారం, కారం మీద పుట్నాల పొడి, పొడి మీద కరిగీ కరగని వెన్న. మొదటి ముక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. లావణ్య ముక్కు తుడుచుకుంటూ, "ఈపొద్దు కారం తక్కువేసినాడే" అనేది. చివర్లో చెరో రెండు లవంగాలు నమిలి, నోట్లో వాసన పోయిందో లేదో ఒకరి మొహం మీద ఒకరం ఊది చూసుకునేవాళ్ళం.

తెర నేలకు జానెడు పైకి ఉండేది. మా ఇండ్లవాళ్ళు ఎవరైనా హోటల్లోకి వస్తే గురుస్వామి నోరు మెదపకుండా వచ్చి, తెర కింద మాకు కనిపించేలా నీళ్ళ జగ్గు పెట్టిపోయేవాడు. జగ్గు ఉన్నంతసేపు మేం బయటికి రాకూడదు, గట్టిగా నవ్వకూడదు. జగ్గు తీసేస్తే వచ్చినవాళ్ళు పోయినట్టు. ఇది మేం చెప్పి చేయించుకున్న ఏర్పాటు కాదు. మొదటిసారి మా మామ వచ్చిన రోజు గురుస్వామే పెట్టాడు. మేం అర్థం చేసుకున్నాం.

ఒక శుక్రవారం మా మామ స్నేహితులను వెంటేసుకుని వచ్చి, కాఫీ మీద కాఫీ చెప్పుకుంటూ కూర్చున్నాడు. జగ్గు కదల్లేదు. గుసగుసలాడుకోవడం తప్ప మాకు వేరే పని లేదు. ఆ రోజే లావణ్యకు చెప్పాను, మా కొడుకు సాయినాథ్ తర్వాత కడుపులోనే పోయిన నా ఆడపిల్ల గురించి. మా ఆయనతో కూడా నేను ఆ సంగతి అంతసేపు మాట్లాడింది లేదు. లావణ్య తన దోశలో సగం తుంచి నా ప్లేటులో పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను. ఎవరైనా చూసినా కారానికే అనుకుంటారు కదా.

మూడేళ్ళ కిందట ఓనరు కొడుకులు బిల్డింగు అమ్మేశారు. చివరి శుక్రవారం గురుస్వామి దోశలు తెచ్చిపెట్టి, తెర వేసి, దాని కింద జగ్గు పెట్టాడు. మేం గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాం. ఎంతకీ తీయకపోతే లావణ్య తెర సందులోంచి చూసింది. బయట మావాళ్ళు ఎవరూ లేరు. ఏందన్నా ఇది అని అడిగితే, "ఇంగొంచేపు కూచోండక్కా" అన్నాడు.

ఆ తర్వాత ఆర్నెల్లకు లావణ్య వాళ్ళు ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. హోటలు ఉండి ఉంటే ఆమె పోయేది కాదు. ఆ ఇల్లు అంతకు ముందు నుంచే కడుతున్నారు, అది వేరే సంగతి.

నవంబర్ 25, మంగళవారం

లావణ్య ఫోన్ చేసింది. ఎత్తలేదు. పొయ్యి మీద పప్పు ఉంది.

పప్పు ఉడికాక కూడా చేయలేదు.

నవంబర్ 28, శుక్రవారం

మా కోడలు కావ్యకు ఒక్కపొద్దు గురించి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పెళ్ళై రెండేళ్ళయినా ఆ పిల్లకు ఇంటి పద్ధతి ఒంటబట్టలేదు. పొద్దున్నే బిస్కెట్ ప్యాకెట్ చింపుతూ దొరికింది.

"ఆకలైతాంది అత్తా" అంది.

"ఒక్క పొద్దుకు ఎవురూ సచ్చిపోరు" అన్నాను. ప్యాకెట్ డబ్బాలో పెట్టేసింది. కొడుకు పెళ్ళాన్ని హోటళ్ళ వెంట తిప్పి ఫోటోలు దిగడం నాకు చేతకాదు. ఇల్లన్నాక ఒక పద్ధతి ఉండాలి.

స్టేటస్‌లో ఇవాళ మళ్ళీ అదే ఎర్ర సోఫా. ఈసారి భావన పెద్ద ముక్క తుంచి లావణ్య నోటికి అందిస్తోంది. ఫోటో ఎవరు తీశారో. సర్వర్‌తో తీయించుకుని ఉంటారు. మేం దొంగతనంగా తిన్న దోశను వీళ్ళు ఊరందరికీ చూపిస్తూ తింటున్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఈ పుస్తకంలో అబద్ధం ఎందుకు, ఆ పిల్లంటే నాకు కుళ్ళు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నా కుర్చీలో కూర్చుంది.

డిసెంబర్ 5, శుక్రవారం

ఈరోజు ఆళ్లగడ్డ పోయొచ్చాను.

ఇంట్లో అహోబిలం అని చెప్పాను. మా ఆయన, "ఒగదానివే పోతావా?" అన్నాడు. నేను దేవుడి దగ్గరికే కదా అన్నాను. బస్సు శిరివెళ్ల దాటేదాకా నేను నిజంగా అహోబిలం పోతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగు రోడ్ల దగ్గర కాళ్ళు వాటంతట అవే దిగాయి.

వాళ్ళు అదే సోఫాలో ఉన్నారు. ఇంకా ఏమీ చెప్పుకోలేదు. లావణ్య నన్ను చూసి సగం లేచింది.

"ఏమే వరా. ఫోన్ ఎత్తవు, ఏం లేదు, ఇట్ల ఊడిపడినావే."

"అహోబిలం పోతాండా. దావలో దిగినా."

ఆమె మొహం విప్పారిన మాట నిజం. చూశాను. కానీ భావన లేచి నాకు ఎదురు సోఫా చూపించి, తను మాత్రం లావణ్య పక్కనే సర్దుకుని కూర్చుంది.

"కూచోండి ఆంటీ. కమలా విలాస్ ముచ్చట్లన్నీ మా అత్త చెప్తానే ఉంటాది. జగ్గు కథైతే నేనే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటి" అంది నవ్వుతూ.

జగ్గు కథ. నా చెవులు వేడెక్కాయి. ఆ జగ్గు నాది, లావణ్యది, గురుస్వామిది. మా ముగ్గురికి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియనిది. దాన్ని ఈ పిల్లకు దోశలోకి చట్నీలాగా వడ్డించింది. జగ్గు కథ చెప్పిన మనిషి, జగ్గు కదలని రోజు సంగతి కూడా చెప్పే ఉంటుంది. నా బిడ్డ సంగతి కూడా చెప్పే ఉంటుంది. నేను లావణ్య వైపు చూశాను. ఆమె సర్వర్ వైపు చూస్తోంది.

"మూడు ఎర్రకారం" అంది.

"నాకొద్దు. శుక్రవారం గదా, ఒక్కపొద్దు" అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక మాత్రం హాయిగా అనిపించింది. లావణ్య చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"ఎవురికి, నీకా?"

"ఊ."

"నాతో చెప్తాండావా ఈ మాట?"

"ఇంటి పద్ధతి ఇంటి పద్ధతే గదా."

పాపం, భావనకు ఏమీ అర్థం కాలేదు. "మేం తింటాంటే మీరు ఊరికే కూచుంటే ఎట్ల ఆంటీ, జ్యూసన్నా తాగండి" అంది. జ్యూసు కూడా తాగకూడదమ్మా అన్నాను, మా అత్త గొంతుతో.

"సరే వరా, నీ ఇష్టం" అంది లావణ్య.

సర్వర్ మూడా, రెండా అని అడిగాడు. ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు. కిటికీ అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ముందు రెండు దోశలు వచ్చాయి. పలచగా ఉన్నాయి. వెన్న లేదు. పుట్నాల పొడి ఉందో లేదో తెలియకుండా చల్లాడు. కమలా విలాస్ కాలిగోటికి సరిపోవు. కానీ ఆ కారం వాసన మాత్రం అదే. నా కడుపు బయటికి వినబడేలా అరిచింది. లావణ్యకు వినబడే ఉంటుంది. ఆమె దోశ వైపు చూస్తూ కూర్చుంది తప్ప చెయ్యి పెట్టలేదు. బస్సుకు టైమైందని లేచాను.

పొద్దున ఏమీ తినకుండా బయలుదేరాను. దోశ కోసమే కడుపు ఖాళీ పెట్టుకుని పోయాను. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఈ సంగతి ఒప్పుకోను. బస్టాండులో అరటిపళ్ళు కొనబోయి, ఎందుకో మొండితనం పట్టి మానేశాను. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ ముట్టలేదు. పెళ్ళయ్యాక సరిగ్గా ఒక్కపొద్దు ఉన్న శుక్రవారం ఇదే అనుకుంటాను. మా అత్త ఉండి ఉంటే మెచ్చుకునేది.

మా ఆయన ప్రసాదం ఏదీ అని అడిగాడు. రద్దీగా ఉంది, దొరకలేదన్నాను.

డిసెంబర్ 6, శనివారం

లావణ్య ఫోన్ చేయలేదు.

డిసెంబర్ 8, సోమవారం

ఈరోజు కూడా లేదు. నేనెందుకు చేయాలి. మా గుట్టు బయటపెట్టింది ఆమె.

డిసెంబర్ 10, బుధవారం

ఇవాళ చేస్తుందనుకున్నాను.

డిసెంబర్ 12, శుక్రవారం

స్టేటస్ లేదు. నాకు కనిపించకుండా పెట్టుకుందో, అసలు పోలేదో. పోకపోతే ఎందుకు పోలేదు, పోతే నాకెందుకు చూపించలేదు. పొద్దున్నుంచీ ఫోను తీయడం, పెట్టడం. మా ఆయన అంగడి నుంచి భోజనానికి వచ్చి, "ఆ ఫోన్లో పాలేమన్నా కాగబెట్టినావా ఏంది, ఊకె చూస్తాండావు?" అన్నాడు.

ఇంకొకటి జరిగింది. కావ్య అమ్మవారిశాల నుంచి ఆలస్యంగా వచ్చింది. నాకు కుంకుమ పెట్టడానికి వంగింది. గుప్పున వాసన. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఎర్రకారం. నేను పొరబడే వాసన కాదది.

నోరు తెరిచాను. అయితే నాలుక చివరికి వచ్చింది ఒక్కపొద్దు మాట కాదు. ఎవరితో పోయింది? అదే నాకు ముందు కావాల్సి వచ్చింది. నన్ను పిలవకుండా ఎవరితో పోయింది? పిలిస్తే నేనేం అనేదాన్నో నాకు బాగా తెలుసు, అయినా ఆ మాటే తిరుగుతోంది.

నోరు మూసుకున్నాను. ఆ పిల్లకు లవంగాలు నమలాలన్న తెలివి కూడా లేదు. చెప్పేవాళ్ళు ఎవరున్నారు.

డిసెంబర్ 16, మంగళవారం

లావణ్య నంబరు తీసి, మోగకముందే పెట్టేశాను. అటు పక్క నా పేరు కనిపించిందో లేదో. స్నేహం ఇట్లాగే పోతుందేమో. పెద్ద గొడవేం లేకుండా, తినని ఒక దోశ దగ్గర.

డిసెంబర్ 19, శుక్రవారం

ఈరోజుది పొద్దున్నుంచి వరుసగా రాయాలి.

కావ్య అమ్మవారిశాలకని బయలుదేరింది. కాసేపాగి నేనూ చెప్పులు వేసుకున్నాను. గుడి నుంచి ఆమె శ్రీనివాస సెంటర్ వైపు తిరిగింది. అక్కడ ముందంతా అద్దాలు బిగించిన కొత్త టిఫిన్ హోటలు ఒకటి ఉంది. లోపల మెడికల్ షాపు యెషయా కూతురు ఈమె కోసం బల్ల పట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా చెరకు రసం బండి పక్కన నిలబడ్డాను.

దోశలు వచ్చాయి. ఎర్రకారం. కావ్య పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, చెయ్యి విసురుకుంటూ, నోరంతా తెరిచి నవ్వింది. రెండేళ్ళలో మా ఇంట్లో ఆ పిల్ల అట్లా నవ్వగా నేను చూడలేదు. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఆమె వయసు మీద, ఆకలి మీద, ఎదురుగా కూర్చున్న పిల్ల మీద. యెషయా కూతురు తన ప్లేటులోంచి ఏదో తీసి కావ్య ప్లేటులో వేసింది. అది చూశాక నా కళ్ళు మండాయి. కారం అనడానికి నా ముందు దోశ కూడా లేదు.

అంతలో మా ఆయన కనిపించాడు. స్కూటర్ మీద, నేరుగా ఆ హోటలు వైపే. ఆయనకు పదకొండింటికి కాఫీ పడాలి. కమలా విలాస్ పోయినప్పటి నుంచి ఊళ్ళో ఉన్న హోటళ్ళన్నీ తిరుగుతున్నాడు. ఇక్కడ తెర లేదు. రోడ్డు మీది కుక్కకు కూడా లోపల ఎవరేం తింటున్నారో కనిపిస్తుంది.

నేను రోడ్డు దాటి స్కూటర్ ముందుకు పోయి నిలబడ్డాను.

"ఏమే, ఈడేం చేస్తాండావ్?"

"అంగడికే వస్తాంటి. తల తిరుగుతాంది. ఇంటికి తీస్కపోండి."

"నీరసం అది. రా, ఈ హోటల్లో ఇంత కాఫీ తాగుదువు."

"శుక్రవారం. ఒక్కపొద్దు."

"ఆ ఒక్కపొద్దులు నిన్ను సంపేదాకా ఇడిసిపెట్టవు" అని విసుక్కుంటూ స్కూటర్ తిప్పాడు. నేను వెనక ఎక్కి, తిరిగి చూశాను. కావ్య ఇంకా నవ్వుతూనే ఉంది. ఆమెకేమీ తెలియదు. జగ్గు పెట్టే పని ఇంత కష్టమని గురుస్వామి ఎప్పుడూ చెప్పలేదు. లోపల వాళ్ళు తింటుంటే, బయట వాసన పీలుస్తూ కాపలా. ఆయన అన్నేళ్ళు ఎట్లా చేశాడో, పైగా నవ్వుతూ.

కావ్య ఇంటికి వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "గుళ్ళో రష్ ఉండె అత్తా" అంది. పోపుల డబ్బాలోంచి రెండు లవంగాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. వాటిని చూసింది, నన్ను చూసింది. ఏమైనా అంటుందేమోనని నేనే వంటింట్లోకి పోయాను.

మధ్యాహ్నం ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఆ పొద్దు నాకు ఒక్కపొద్దు లేదు" అన్నాను.

"తెల్సు."

"నీ కోడలికి అన్నీ చెప్పినావు."

"ఏమేం చెప్పినా?"

"జగ్గు సంగతి చెప్పినావు. ఆ జగ్గు కదలని రోజుది గూడా చెప్పినావా?"

అటు పక్క ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"అది చెప్పేదా వరా" అంది. ఆమె గొంతు అట్లా మెత్తబడటం ఆ రోజు తెర వెనక విన్నాను, మళ్ళీ ఇప్పుడే. "మా ఇంటాయనకు గూడా చెప్పలేదు. ఎవురికి చెప్తానే?"

మళ్ళీ ఆమే అంది.

"నువ్వొద్దన్నా మూడే చెప్పినా. నువ్వు అట్ల లేచి పోయినావు, వాడు ఇట్ల తెచ్చి పెట్టినాడు మూడోది. నీ జాగా ముందర."

పైట కొంగుతో మొహం తుడుచుకున్నాను. వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకు వస్తానని చెప్పాలి. కావ్యను కూడా తీసుకొస్తానని చెప్పాలి. నా కళ్ళ ముందు మాత్రం ఆ మూడో ప్లేటే ఉంది.

"అది భావన తిన్నిందా?" అన్నాను.

"లేదులేవే" అంది లావణ్య. "నేనే తిన్నా."